ఆ ఎడమ చేతిని కాపాడుకోండి

మా పెదనాన్నకు 74 ఏళ్లు. షుగర్‌తో కిడ్నీలు పాడై డయాలసిస్ దాకా వచ్చేసరికి, డయాలసిస్ సూదులు గుచ్చేందుకు ఆపరేషన్‌తో సిద్ధం చేసే ఫిస్టులా వేయడానికి ఆయన ఎడమ చేతిలో పనికొచ్చే నరమే మిగల్లేదు. అంతకుముందు హైదరాబాద్‌లో ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ సెలైన్ ఆ చేతికే ఎక్కించారు. వద్దని చెప్పాలని మాకూ తెలియదు.

మనం నరం అనేది నిజానికి సిర. డయాలసిస్ మెషిన్ నిమిషానికి దాదాపు 300 మిల్లీలీటర్ల రక్తం లాగి, శుభ్రం చేసి, తిరిగి పంపాలి. అదీ నాలుగు గంటలపాటు. ముంజేతి సిరలో అంత రక్తం పారదు. ధమనిలో పారుతుంది కానీ, దానికి మాటిమాటికీ సూది గుచ్చడం ప్రమాదం. అందుకని సర్జన్ సిరను ధమనికి కలిపి కుడతారు. అదే ఫిస్టులా. న్యూయార్క్‌లో బ్రెస్కియా, సిమినో, వారి సహచరులు 1966లో ప్రచురించిన పద్ధతి ఇది. ధమని రక్తం ఒత్తిడితో వచ్చి పడుతుంటే సిర వెడల్పవుతుంది, దాని గోడ మందమవుతుంది. వేలు ఆనిస్తే జివ్వుమని అదురు తెలుస్తుంది. ఆ అదురు రోజూ చూసుకోవాలి. ఆగిందంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఫిస్టులా వాడకానికి వస్తుంది. పెద్దవాళ్లలో అలా జరుగుతుందని నమ్మకం లేదు. ధమనుల గోడల్లో కాల్షియం చేరి గట్టిపడతాయి, ఇక అవి సాగవు. సిరలు సూదులకు మూసుకుపోయి ఉంటాయి. గుండె బలహీనంగా ఉంటే ఫిస్టులా దానికి అదనపు బరువు. మణికట్టు దగ్గర కుదరకపోతే మోచేయి దగ్గర వేస్తారు, అదీ కాకపోతే కృత్రిమ గొట్టం పెడతారు.

పెదనాన్నకు మెడ దగ్గర పర్మ్‌క్యాత్, అంటే పెద్ద సిరలోకి వెళ్లే గొట్టం, వేశారు. వేసిన వెంటనే వాడుకోవచ్చు గానీ, ఇన్‌ఫెక్షన్ వస్తే నేరుగా రక్తంలోకే పోతుంది. మాకు అదే టెన్షన్. కుడి చేతికి ప్రయత్నిద్దామంటే, "ఇంకో ఆపరేషన్ నా వల్ల కాదురా" అన్నారు. ఆ మాట వినాల్సిందే అని నా నమ్మకం. అమెరికా కిడ్నీ వైద్యుల 2019 మార్గదర్శకాలు కూడా అందరికీ ఫిస్టులాయే అనకుండా, రోగి వయసూ ఆరోగ్యమూ కోరికా చూసి నిర్ణయించమంటున్నాయి.

ఇప్పుడు మా పెద్దమ్మకూ క్రియాటినిన్ పెరుగుతోంది, అంటే కిడ్నీల పని తగ్గుతోంది. రక్తపరీక్షకు వెళ్తే ఎడమ చేతిని కొంగు కింద పెట్టుకుని, "కుడి అరచేతి వెనకవైపు తీయమ్మా" అని సిస్టర్‌కు ఆవిడే ముందుగా చెబుతోంది.