నీలం గీత లేదని వంక లేదనుకోకండి: టోపోషీట్ల మీద అపోహలు, వాస్తవాలు

అనంతపురం వైపు వాటర్‌షెడ్ పనులకు (వాననీటిని, మట్టిని కాపాడే పనులకు) కొత్తగా వచ్చేవాళ్లకు టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు, వంకలు, దారులు చూపించే పటం, చదవడం నేర్పించడం నా ఉద్యోగంలో ఒక భాగం. బ్యాచ్ మారినా మాటలు మారవు. అందుకే ఎక్కువగా వినేవి ఇక్కడ రాసి పెడుతున్నా, ముందు మనకు బాగా నష్టం చేసేదానితో మొదలుపెట్టి.

అపోహ: నీళ్లంటే నీలం రంగు. నీలం గీత లేకపోతే అక్కడ వాగూ లేదు, వంకా లేదు.

కోస్తా షీట్ చేతికిస్తే ఈ లెక్క కొంతవరకు నడుస్తుందేమో గానీ మన సీమలో నడవదు. ఈ పటాలు తయారుచేసే కేంద్ర సంస్థ సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో నీలం రంగు నీళ్లు నిలిచి ఉండే చోట్లకే వేస్తారు. వానొస్తే పారి, తర్వాత ఎండిపోయే వంకకు నల్ల గీతే. మన దగ్గర వంకలు దాదాపు అన్నీ ఆ జాతే కాబట్టి, నీలం కోసం వెతికేవాడికి షీటంతా ఖాళీగా కనిపిస్తుంది, ఆ నల్ల గీతలను బండిదారులు అనుకుని వదిలేస్తాడు. నేను మొదటిరోజు చేయించే పని ఒకటే: షీట్‌కు ఒక జిరాక్స్ తీసి, నీలం పెన్సిల్‌తో నల్ల వంకలన్నిటినీ కింద చెరువు దగ్గర మొదలుపెట్టి పైన గుట్ట మీద పుట్టేదాకా దిద్దమంటాను. చెట్టు కొమ్మల్లా ఒక ఆకారం వస్తుంది. దాని చుట్టూ, ఏ వంకనూ దాటకుండా, గట్టు నెత్తి మీదుగా ఒక గీత గీస్తే అదే ఆ చెరువు పరివాహక ప్రాంతం. లెక్కలేవీ అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఇక్కడే ఇంకో తికమక. కాంటూరు గీత, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత, వంకను దాటేటప్పుడు ‘వి’ ఆకారంలో వంగుతుంది. ఆ మొన నీళ్లు పారే వైపు చూపిస్తుందనుకుంటారు చాలామంది. కాదు, పై వైపు చూపిస్తుంది, అంటే వంక పుట్టే దిక్కు. మొన పల్లం వైపు ఉంటే అది వంక కాదు, కొండ నుంచి దిగే గట్టు. అనుమానం వస్తే గీతల మీదున్న ఎత్తుల అంకెలు చూసుకోండి, ఊహించొద్దు.

అంకెలంటే గుర్తొచ్చింది. చెరువుకట్ట పక్కన 4 అని ఉండి దాని పక్కనే ఆర్ అనే చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటే అది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు, చుట్టుపక్కల నేల నుంచి ఆ కట్ట 4 మీటర్ల ఎత్తు అని అర్థం. వంక పక్కన ఉంటే ఒడ్డు ఎత్తు. ఇంత విలువైన సమాచారాన్ని అచ్చుతప్పు అనుకునేవాళ్లు కూడా ఉన్నారు!

అపోహ: రెండు కాంటూర్ల మధ్య నేల చదునుగా ఉంటుంది.

1:50,000 షీట్‌లో (షీట్ మీద ఒక సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు) మామూలుగా కాంటూరుకీ కాంటూరుకీ మధ్య 20 మీటర్ల తేడా. అంటే 10 మీటర్ల మట్టిదిబ్బ గానీ, అంతే లోతు కోసుకుపోయిన వంక గానీ ఆ రెండు గీతల మధ్య పూర్తిగా దాక్కోవచ్చు. చెక్‌డ్యామ్‌కు చోటు షీట్ మీదే ఖాయం చేసేసి, వెళ్లి చూసి నోరెళ్లబెట్టేది ఇందుకే. షీట్ ఎక్కడికి వెళ్లి చూడాలో చెబుతుంది, చూసే పని మీదే. ఆ కొండ మీద గొర్రెలు మేపే పెద్దాయన్ని అడగండి, ఏ వంక ఎక్కడ ఎంత లోతో షీట్ కన్నా బాగా చెబుతాడు. తర్వాత ఆయన చెప్పింది షీట్ మీద గుర్తు పెట్టుకోండి.

గీతలు దగ్గరగా ఉంటే ఎత్తైన చోటు అనేది కూడా తప్పే. దగ్గరగా ఉంటే వాలు ఎక్కువ, అంతే. గండికోట లోయ దగ్గర గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. పైన కోట ఉన్న నేల అంతకన్నా ఎత్తులో ఉన్నా అక్కడ గీతలు విడివిడిగా ఉంటాయి, ఎందుకంటే పైన చదును.

అపోహ: టోపోషీట్లు మిలిటరీ రహస్యం, మనకివ్వరు.

పాత మాట. 2005 జాతీయ పటాల విధానంతోనే జనానికి వేరు, రక్షణశాఖకు వేరు షీట్లు వచ్చాయి. 2017 నుంచి జనం వాడే షీట్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దింపుకోవచ్చు. పాత లెక్కలో అనంతపురం 57 ఎఫ్, కడప 57 జె, కర్నూలు 57 ఐ కిందికి వస్తాయి. కొత్త షీట్ల నంబర్లు వేరేగా ఉంటాయి, కంగారు పడొద్దు.

అపోహ: జీపీఎస్ ఉంటే చాలు, అంకెలు షీట్ మీద వేసుకోవడమే.

ఇది మన మూడు ఊళ్లవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు. కొత్త షీట్లలో వాడే యూటీఎం పద్ధతిలో (భూమిని నిలువు జోన్లుగా విడగొట్టి చోటును మీటర్లలో చెప్పే పద్ధతి) 78 డిగ్రీల రేఖాంశం రెండు జోన్లకు సరిహద్దు. అనంతపురం 43వ జోన్, కడప 44. కర్నూలు ఆ గీతకు కాస్త తూర్పున ఉంది కాబట్టి అదీ 44, తాడిపత్రి అయితే దాదాపు గీత మీదే. 43 నుంచి 44లోకి దాటగానే ఈస్టింగ్ (తూర్పు వైపు దూరం చెప్పే అంకె) 8 లక్షల పైనుంచి ఒక్కసారిగా 2 లక్షల లోపుకు పడిపోతుంది. పరికరం పాడైందని టెన్షన్ పడకండి, జోన్ నంబర్ కూడా రాసుకోండి. పాత షీట్లు ఎవరెస్ట్ డేటమ్ (చోట్లను లెక్కగట్టే ఆధారం) మీద, జీపీఎస్ మామూలుగా డబ్ల్యూజీఎస్ 84 మీద ఉంటాయి. రెండూ కలిపేస్తే మీ బావి పక్క పొలంలో తేలుతుంది.

అపోహ: ఒక సెంటీమీటరుకు అర కిలోమీటరు, స్కేలు పెట్టి కొలిస్తే సరి.

అసలు షీట్ మీద సరే. ఫోన్‌లో జూమ్ చేసిన పీడీఎఫ్ మీద, తగ్గించి తీసిన జిరాక్స్ మీద కాదు. కింద గీత రూపంలో ఉన్న స్కేలు కాపీతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది కాబట్టి దాన్నే నమ్మండి. సర్వే చేసిన ఏడాది కూడా ఆ అంచులోనే ఉంటుంది. శ్రీశైలం జలాశయం నిండకముందు సర్వే చేసిన షీట్‌లో కృష్ణ ఒడ్డున ఊళ్లు ఇప్పటికీ ఉంటాయి మరి.

అపోహ: పొలం గట్టు తగాదా టోపోషీట్‌తో తేలిపోతుంది.

ఇది మాత్రం రైతులు అడుగుతారు, ఆశగా. అందులో సర్వే నంబర్లు ఉండవు సార్, పట్టాదారు పేర్లూ ఉండవు. దానికి ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) కావాలి, సర్వేయర్ వచ్చి కొలవాలి. 1:50,000 షీట్ మీద అర మిల్లీమీటరు పెన్సిల్ గీత గీస్తే నేల మీద అది 25 మీటర్ల వెడల్పు. మీ గట్టూ, పక్కాయన గట్టూ, మధ్యలో బండిదారీ అన్నీ ఆ గీత కిందే పోతాయి.