కాలని ఇంటిమీద నీళ్ళు

విజయవాడ,
20 జనవరి 2021.

చిరంజీవులు గుంటూరు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న శనివారం మా విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి మొట్టమొదటి కరోనా టీకా వేయడం టీవీలో చూసి, "ఆమెకు జబ్బు లేదు కదా, జబ్బున్నవాళ్ళను వదిలేసి ఆమెకెందుకు వేశారు?" అని మీలో చిన్నది ఫోనులో అడిగింది. అప్పటికి మాట దాటవేశాను కాని, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నా చిన్నతనంలో గుంటూరు దగ్గర మా ఊళ్ళో చాలావరకు తాటాకు ఇళ్ళే ఉండేవి. ఒక వేసవి మధ్యాహ్నం వీధి చివరి ఇల్లు అంటుకుంది. నేను చెంబెడు నీళ్ళతో మంటవైపు పరుగెత్తుతుంటే మా పెదనాన్న జబ్బ పట్టుకుని ఆపి, గాలివాలున ఉన్న పక్కింటి కప్పును తడపమన్నాడు. కాలుతున్నదాన్ని వదిలి కాలనిదానిమీద నీళ్ళు పోయడమేమిటని నాకు ఉక్రోషం వచ్చింది. అయితే కాసేపటికి నిప్పురవ్వలు ఎగిరివచ్చి, ఆ తడి ఆకుమీద పడి, చుయ్యిమని ఆరిపోవడం కళ్ళారా చూశాను. మండుతున్న ఇంట్లోనుంచి ముసలమ్మను, దూడను బయటికి తెచ్చిన పెద్దలది ఆసుపత్రి చేసే పని. మా నీళ్ళది టీకా చేసే పని.

ఆసుపత్రిలో ఊడ్చేవారు, నర్సులు, డాక్టర్లు, అంబులెన్సు నడిపేవారు రోజంతా గాలివాలున నిలబడేవారే. అందుకే దేశమంతటా 3,006 కేంద్రాలలో ముందు వారి కప్పులు తడపడం మొదలుపెట్టారు. తరువాత పోలీసులు, పురపాలక సిబ్బంది, ఆపైన నాలాంటి ముసలివాళ్ళు. ఈ వరుస నాకు నచ్చింది. పెద్ద హోదాలవారికంటే ముందు చీపురు పట్టిన చేతికి సూది వేయడం మా కాలంలో ఊహకైనా అందేది కాదు.

అన్ని కప్పులనూ ఒకేసారి తడపవచ్చు కదా అంటారేమో. బిందెలు చాలవు. పూణె నుంచి విమానంలో గన్నవరం చేరిన కోవిషీల్డు మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే దాచాలి, ఐసు పెట్టెలలోనే మోయాలి. ఒక సీసా పదిమందికి వస్తుంది, మూత తీస్తే నాలుగు గంటల్లో వాడేయాలి. నీళ్ళు కాగినా కప్పును తడుపుతాయి కాని ఈ మందు వేడెక్కితే పనికిరాదు, కాబట్టి నా పోలిక ఇక్కడ కొంచెం కుంటుతుంది. రెండో మోతాదు దగ్గర మళ్ళీ లేచి నిలబడుతుంది: మొదటిసారి పోసిన నీళ్ళకు పైఆకే తడుస్తుంది, లోపలి పొర నానాలంటే ఇంకోసారి పోయాలి. అందుకే 28 రోజులకు మళ్ళీ రమ్మంటున్నారు.

డిసెంబరు నెలాఖరున మన కృష్ణా జిల్లాలో మందు లేకుండానే టీకా వేసే తతంగమంతా ఒకసారి నడిపి చూస్తే, ఉత్తుత్తి వంటలాగా ఉందని నేను నవ్వాను. కాని నిప్పంటుకున్ననాడు మా ఊరి బావి చేదతాడు రెండుసార్లు తెగింది. ఆ తాడును అంతకుముందు ఎవరూ లాగి చూడలేదు. అది గుర్తుకొచ్చాక నవ్వడం మానేశాను.

అసలు పెదనాన్న ఉపాయాన్ని మన దేశం పెద్ద ఎత్తున వాడింది మశూచిమీద. 1970లలో ఒక ఇంట్లో రోగి కనబడితే, చుట్టుపక్కలవారందరికీ వెతికి వెతికి టీకాలు వేశారు. 1977లో మశూచి మన దేశంలో లేదని ప్రకటించారు. అంతకు చాలా ముందే, టీకాలాయన మా ఊరికి వచ్చిననాడు నేను గడ్డివామి వెనక దాక్కుంటే, అదే పెదనాన్న చెవి పట్టుకుని లాక్కొచ్చాడు. దాక్కోవడం తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మీరు మాత్రం మీ వంతు వచ్చిననాడు దాక్కోకండి.

నిన్న కళ్ళజోడు ఎక్కడ పెట్టానో నాకు గుర్తుండదు. టీకా చూపించిన శత్రువును మాత్రం ఈ ఒంటి నెత్తురు ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటుందంటే, దాన్ని వివరించడంకంటే ఆశ్చర్యపడుతూ కూర్చోవడమే నాకు ఇష్టం.

ఈ ఉత్తరం చదివాక అమ్మమ్మను కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, ఆమె చేతిమీద గుండ్రంగా, అంచులు ముడతలు పడిన మశూచి టీకా మచ్చ ఉందేమో వెతకండి. అమ్మ భుజంమీద ఉండే చిన్న మచ్చ వేరు, అది క్షయ రాకుండా వేసే బీసీజీది. అమ్మమ్మ మచ్చ ఎంత ఉందో కాగితంమీద పెన్సిలుతో గీసి నాకు పంపండి. నాది పక్కన పెట్టి చూసుకుంటాను.

ఇట్లు,
మీ తాతయ్య