గంజాం ఒడ్డున ఫైబర్ బోట్లు: బలం ఎక్కడి నుంచి వస్తుంది?

ఒడిశాలోని గంజాం జిల్లాలో గోపాలపూర్, ఆర్యపల్లి, సోనాపూర్ ఒడ్డున వేటకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే వాడబలిజలు, జాలరులు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఎల్లలు మారినా వీళ్ల ఊళ్లు, వేట మారలేదు. మారింది బోటు. ఇప్పుడు గాజుదారాన్ని ప్లాస్టిక్‌తో పట్టి ఉంచి చేసే ఫైబర్ బోటు కొన్న ప్రతి ఇంట్లో ఒకే టెన్షన్: ఇది ఎన్నాళ్లు నిలుస్తుంది? ఒకే పొడవు, ఒకే రంగు ఉన్న రెండు బోట్లలో ఒకటి ఏళ్ల తరబడి కెరటాలు తింటుంది, ఇంకోటి తొందరగా పొరలు విడిపోతుంది. ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఇది ఇసుక ఒడ్డు. కెరటం విరిగేచోట బోటును తోసి, తిరిగొచ్చాక మళ్లీ ఒడ్డుకు లాగాలి. తేలిక దుంగలను తాళ్లతో కట్టిన తెప్పలు ఆ దెబ్బకు తట్టుకునేవి. రంగూన్ ఓడలు గోపాలపూర్‌లో ఆగే రోజుల్లో సరుకు మోసిన మసూలా పడవలకు ఒక్క మేకు కూడా ఉండేది కాదు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్లు. అల కొడితే కుట్లు సాగేవి, పలక పగిలేది కాదు. అంత తెలివైన పని అది. తర్వాత తేలిక కలప కరువైంది, ధర పెరిగింది. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) మొదలుపెట్టిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం, ఒడ్డున దిగగలిగే ఇంజిను బోట్లను తూర్పు తీరంలో పరీక్షించింది. వాటిలో ఫైబర్‌వీ ఉన్నాయి.

అసలు ఆ పదార్థం పుట్టింది సముద్రానికి చాలా దూరంలో. 1932లో అమెరికాలోని ఓవెన్స్-ఇల్లినాయ్ కంపెనీలో డేల్ క్లైస్ట్ అనే యువకుడు గాజు దిమ్మెలను అతికించబోతుంటే, గాలి జోరు కరిగిన గాజుకు తగిలి సన్నటి దారాలుగా చిమ్మింది. గాజుదారం విరివిగా తయారయ్యే దారి అలా దొరికింది. ఇక దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ కావాలి. అంతకుముందున్న బేకలైటు లాంటి రెసిన్లకు (గట్టిపడి ప్లాస్టిక్ అయ్యే జిగురు పదార్థాలకు) వేడీ, ప్రెస్సూ తప్పనిసరి, కాబట్టి పెద్ద వస్తువు చెయ్యడం కష్టం. కొద్దిగా హార్డనర్ (గట్టిపరిచే రసాయనం) కలిపితే మామూలు వేడిమిలోనే గట్టిపడే పాలియెస్టర్ రెసిన్ వచ్చాక ఆ అడ్డంకి పోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల రాడార్ కప్పులకు దీన్నే వాడారు, ఎందుకంటే అది రేడియో తరంగాలను అడ్డుకోదు. ఒహాయోలోని టోలెడోలో రే గ్రీన్ 1942లో దీనితో పడవ చేశాడు.

గాజుదారం లాగుడు బలంలో మామూలు ఇనుము కంటే ఎన్నో రెట్లు మేలు. స్లాబులో ఊచలు లాగుడును మోస్తే సిమెంటు వాటిని పట్టి ఉంచినట్టే, ఇక్కడ దారం బరువు మోస్తుంది, రెసిన్ దాన్ని పట్టుకుని ఒక దారం మీది భారాన్ని పక్క దారానికి పంచుతుంది. కాబట్టి రెసిన్ ఎక్కువ పోస్తే బోటు గట్టిపడుతుందన్నది తప్పు. బరువు పెరుగుతుంది, పెళుసవుతుంది. చేత్తో వేసే మ్యాట్ (గాజుదారం ముక్కల పరుపు) పనిలో బరువులో సుమారు 30 శాతం గాజు ఉంటుంది. నేత రోవింగ్‌తో (గాజుదారం కట్టలతో నేసిన బట్టతో) అది 45-50 శాతం దాకా వెళ్తుంది.

పని జరిగేటప్పుడు దగ్గర నిలబడి చూస్తే విషయం బోధపడుతుంది. అచ్చుకు మైనం పూసి, జెల్ కోట్ (బోటుకు పైన కనిపించే నున్నటి రెసిన్ పొర) వేసి, తెల్లటి మ్యాట్ పరుస్తారు. బ్రష్షుతో రెసిన్ అద్దగానే తెలుపు పోయి, మ్యాట్ అచ్చు రంగులో కలిసిపోతుంది. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలిందంటే అక్కడ దారం తడవలేదు, గాలి చిక్కింది. గాడులున్న ఇనుప రోలర్‌తో ఆ బుడగను అంచుదాకా తరమాలి. రెసిన్ గడ్డకట్టేలోపు, అంటే నిమిషాల్లోనే, ఇదంతా అయిపోవాలి. హార్డనర్ ఒకటి రెండు శాతం మించకూడదు. దాన్ని కోబాల్ట్ యాక్సిలరేటర్‌తో (గట్టిపడటాన్ని వేగం చేసే రసాయనంతో) నేరుగా కలిపితే పేలుతుంది. సముద్రపు తేమ పీల్చిన మ్యాట్ రెసిన్‌ను సరిగా అంటుకోదు. పాలియెస్టర్ రెసిన్లలో ఆర్థో రకం కంటే ఐసో రకం నీళ్లకు బాగా ఓర్చుకుంటుంది గానీ ధర ఎక్కువ. రెసిన్‌లో ఉండే స్టైరీన్ అనే రసాయనం ఘాటులో మాస్కు కూడా లేకుండా రోలర్ తోసే కుర్రాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. బోటు బలం వాళ్ల చేతుల్లోనే ఉంది.

ఈ ఒడ్డుకు తుఫాన్లు కొత్త కాదు. 1999 అక్టోబరులో సూపర్ సైక్లోన్‌కు ముందే ఒక తుఫాను గోపాలపూర్‌ను కొట్టింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఇక్కడే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర. తుఫాను తర్వాత బోట్లు ఒక్కసారిగా కావాలి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో బోటు యార్డులు పుట్టగొడుగుల్లా లేచాయి. తొందరలో కోత పడేది కంటికి కనిపించని చోటే: ఒక పొర రోవింగ్ తగ్గుతుంది, వానలోనూ పని ఆగదు. పైన జెల్ కోట్ మాత్రం తళతళలాడుతుంది.

కొనేముందు నాణెంతో బోటు అడుగంతా తట్టి చూడాలి. మంచి చోట ఖంగుమంటుంది, పొర విడిన చోట డొల్లగా మోగుతుంది. అయితే ఎన్ని పొరలు వేశారో నాణెం చెప్పదు. సబ్సిడీ బోటైనా, సొంత డబ్బుతో కొన్నదైనా, బోటు అడుగుభాగంలో ఎన్ని మ్యాట్లు, ఎన్ని రోవింగులు, ఏ రెసిన్, ఏ తేదీన వేశారు అన్నది రాసిన కాగితాన్ని యార్డువాళ్లు బోటుతోపాటే ఇవ్వాలి. గంజాంలో అది ఒడియాతోపాటు తెలుగులోనూ ఉండాలి.