నెలలు నిండని బిడ్డ పక్కన తల్లికి మంచం ఎందుకు వేయరు?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ దగ్గరికి తల్లిని ఎంతసేపు రానివ్వాలన్న గొడవ మళ్లీ లేచింది. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) తలుపు దగ్గర చూడండి, కుట్లు నొప్పి పెడుతున్నా బాలింత పాలు పిండి తెచ్చి సిస్టర్ చేతికిచ్చి, బిడ్డ కనిపిస్తుందేమోనని అద్దంలోంచి తొంగి చూస్తుంటుంది.

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన కంగారూ పద్ధతి (బిడ్డను తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా ఉంచడం) సంగతి చాలామందికి తెలుసు, మన కేంద్ర ప్రభుత్వం కూడా 2014లో దానికి మార్గదర్శకాలిచ్చింది. కాకపోతే బిడ్డ కుదుటపడ్డాకే తల్లి గుండెల మీద వేయాలనేవారు. అప్పటిదాకా బిడ్డ వెచ్చగా ఉంచే వార్మర్‌లో, తల్లి వేరే వార్డులో. ఎక్కువమంది బిడ్డలు పోయేది ఆ మొదటి రోజుల్లోనే.

అసలు మలుపు 2021లో వచ్చింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలోనూ నాలుగు ఆఫ్రికా దేశాల్లోనూ డబ్ల్యూహెచ్‌ఓ నడిపిన ట్రయల్‌లో కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని పుట్టగానే తల్లికి హత్తించారు. ఇది కుదరాలంటే తల్లి మంచం ఎన్‌ఐసీయూలోనే వేయాలి, ఆమె బీపీ, కుట్లు అక్కడే చూడాలి, అలాగే చేశారు. పాత పద్ధతిలో 28 రోజుల్లోపు 15.7 శాతం బిడ్డలు చనిపోతే ఇలా చేసినచోట 12 శాతం. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో ట్రయల్‌ను ముందే ఆపేశారు. 2022 నవంబరులో డబ్ల్యూహెచ్‌ఓ సిఫార్సులే మారాయి: కుదుటపడేదాకా ఆగకుండా పుట్టగానే మొదలుపెట్టమన్నారు. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డలు, రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉన్న బిడ్డలు మాత్రం మినహాయింపు.

తల్లులు లోపల తిరిగితే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయని కొందరు డాక్టర్లంటారు. ఆ ట్రయల్‌లో ఇన్ఫెక్షన్ అనుమానించిన కేసులు తగ్గాయి, 27.8 శాతానికి బదులు 22.9. సిస్టర్లు చెప్పే ఇబ్బంది మాత్రం నిజమైనది: బిడ్డలకే చాలని స్టాఫ్ తల్లుల్ని కూడా ఎలా చూస్తారు? అలాంటప్పుడు స్టాఫ్‌ని పెంచమని అడగాలి గానీ తల్లిని బయట కూర్చోబెడితే ఎలా?

ఇంటికెళ్లాక జరగాల్సింది కూడా దీనితో ముడిపడే ఉంది. 34 వారాల లోపు లేదా 2 కిలోల లోపు పుట్టిన బిడ్డకు 30 రోజుల్లోపు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష చేయించాలి, ఆలస్యమైతే చూపే పోవచ్చు. రోజూ బిడ్డ పక్కనే ఉన్న తల్లికైతే ఇది నాలుగుసార్లు చెప్పొచ్చు. డిశ్చార్జి రోజు బిల్లు టెన్షన్‌లో, తెనాలి బస్సు దొరుకుతుందో లేదోనన్న కంగారులో ఒక్కసారి చెబితే ఎవరికి గుర్తుంటుంది?