తోడుకోని పాలు

చిరంజీవులు శ్రీజకు, ఆదిత్యకు తాతయ్య ఆశీస్సులు.

నిన్న కోఠిలో మన ముందు ఆగిన ఆటో వెనుక, నక్షత్రం ఉన్న టోపీ పెట్టుకున్న గడ్డపాయన బొమ్మ చూసి, "తాతయ్యా, ఈయన గెలిచాడా, ఓడిపోయాడా?" అని ఆదిత్య అడిగాడు. "రెండూ" అని తప్పించుకున్నాను గానీ, ఆ జవాబు నాకే నచ్చలేదు.

ఆయన పేరు చే గువేరా, తుపాకీ పట్టిన విప్లవకారుడు. గెలిచింది క్యూబాలో. 1956 చివర అక్కడ పడవ దిగిన 82 మంది తిరుగుబాటుదారుల్లో మొదటి దెబ్బ తర్వాత ఇరవై మంది దాకా కొండల్లో మళ్లీ కలుసుకోగా, రెండేళ్లకే అక్కడి ప్రభుత్వం కూలిపోయింది. ఓడింది దక్షిణ అమెరికాలోని బొలీవియాలో. 1966 నవంబరులో ఉరుగ్వే వ్యాపారి వేషంలో ఆ దేశం చేరి, న్యాంకావాసు నది లోయలో సుమారు యాభై మందితో గెరిల్లా దళం కట్టాడు. అది పదకొండు నెలలే నిలిచింది.

కొద్దిమంది సాయుధులు పోరు మొదలుపెడితే జనమంతా కదులుతారని ఆయన నమ్మకం, చెంచాడు తోడుకు గిన్నెడు పాలు పెరుగైనట్టు. ఆ తోడు సంగతి నాకు బాగా తెలుసు. నా పదేళ్లప్పుడు చిక్కడపల్లి ఇంట్లో తోడు వేసే పని అమ్మ నాకు అప్పగించింది. సంక్రాంతి చలి. పాలు చల్లారాక వేసిందే కాక, పెరుగెలా అవుతుందో చూడాలని మాటిమాటికీ మూత తీసి గిన్నె కుదిపాను. తెల్లవారితే పాలు పాలే. "తోడు మంచిదేరా, పాలకు వెచ్చదనం లేదు" అని, ఆ పూట అందరికీ చారుతోనే సరిపెట్టింది అమ్మ.

బొలీవియాలోనూ పాలు చల్లగానే ఉన్నాయి. 1952 విప్లవం తర్వాత, 1953 భూసంస్కరణతో చాలామంది రైతులకు భూమి దక్కింది. దేశాధ్యక్షుడు బారియెంతోస్ వాళ్లతో అక్కడి స్థానిక భాష కెచువాలోనే మాట్లాడేవాడు. దళంవాళ్లూ కష్టపడి కెచువా నేర్చుకున్నారు. తీరా చూస్తే ఆ లోయలో జనం భాష గ్వారనీ! రైతులెవరూ దళంలో చేరలేదని చే తన డైరీలో నెలనెలా రాసుకున్నాడు. మన నల్లగొండ వైపు 1946 నాటికి వెట్టిచాకిరీతో ఊళ్లు ఉడికిపోతున్నాయి కనుక, దళాలకు అన్నం పెట్టే ఇళ్లు దొరికాయని మా నాయనమ్మ చెప్పేది.

గిన్నె కూడా ఒకచోట కుదురుగా ఉండలేదు. 1967 ఏప్రిల్‌లో మూడు రోజుల కోసమని దళం రెండుగా విడిపోయింది. ఒకరికోసం ఒకరు నాలుగు నెలలకు పైగా వెతుక్కున్నా మళ్లీ కలుసుకోలేదు. ఆగస్టు 31న ఒక భాగాన్ని ఓ రైతు నది రేవుకు తీసుకువెళ్లగా, అక్కడ పొంచి ఉన్న సైన్యం కాల్చివేసింది. ఆ రైతును పాలు విరగ్గొట్టిన నిమ్మచుక్క అనబోయి కలం ఆపాను. అంతకుముందే సైన్యం అతణ్ణి పట్టుకుని లొంగదీసుకుంది, ఇంట్లో పిల్లలున్నారు. పాలకు భయం ఉండదు, మనుషులకు ఉంటుంది. నా పోలిక ఇంతకంటే ముందుకు సాగదు. ఓడినవాణ్ణి వెక్కిరించడమూ, బొమ్మకట్టి మొక్కడమూ రెండూ సులువే పిల్లలూ. ఆ రైతు గడపలో నిలబడి ఆలోచించడమే కష్టం.

అక్టోబరు 8న చే గాయపడి పట్టుబడ్డాడు. మర్నాడు లా హిగేరా అనే పల్లెలో, మట్టిగోడల బడిగదిలో ఆయన్ను కాల్చిచంపారు. అప్పటికి ముప్పైతొమ్మిదేళ్లు. సైన్యం వలయం దాటి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు ఐదుగురే. వాళ్లలో ముగ్గురు క్యూబావాళ్లు ఆండీస్ కొండలు దాటి 1968లో పక్కదేశం చిలీ చేరారు. ఆ కొండలు ఎంత ఎత్తో, ఎంత దూరమో అట్లాసులో చూడండి. నాకైతే వాళ్లెలా నడిచారో ఇప్పటికీ ఊహకందదు.

ఈ రాత్రి అమ్మనడిగి రెండు గిన్నెల్లో పాలు పోసి, ఒకటి గోరువెచ్చగా, ఒకటి పూర్తిగా చల్లార్చి, ఒకే తోడు వేయండి. పొద్దున దాకా మూత తీయకండి. ఏది ఎలా ఉందో నాకు రాయండి.

మీ తాతయ్య