ట్యూబ్ వేసే ముందు ఆ మూడు నిమిషాలు

"మనిషికి ఊపిరాడక కొట్టుకుంటుంటే గొంతులో ట్యూబ్ వెంటనే వెయ్యకుండా, మాస్క్ పట్టుకుని ఎందుకు నిలబడతారు?" అని కనిగిరి నుంచి ఒక పాఠకుడి ప్రశ్న. ఐసీయూ తలుపు బయట ఉన్నవాళ్లకు అది ఆలస్యంలాగే కనిపిస్తుంది. ప్రాణం నిలబెట్టేది ఆ ఆలస్యమే.

ట్యూబ్ దిగాలంటే మత్తుమందు, కండరాలు సడలించే మందు ఇవ్వాలి. వాటితో ఊపిరి ఆగిపోతుంది. ట్యూబ్ పడేదాకా ఊపిరితిత్తుల్లో నిల్వ ఉన్న ఆక్సిజనే దిక్కు.

ట్యాంకర్ వచ్చినప్పుడే డ్రమ్ము నింపుకోవాలని కనిగిరి, మార్కాపురం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఊపిరితిత్తులూ డ్రమ్మే. మామూలుగా ఊపిరి వదిలాక పెద్దవాళ్లలో సుమారు రెండున్నర లీటర్ల గాలి మిగులుతుంది. అందులో చాలావరకు నైట్రోజనే. ఆక్సిజన్ 350 మి.లీ. దగ్గర ఉంటుంది. ఒంటి ఖర్చు నిమిషానికి 250. ఒకటిన్నర నిమిషానికి కూడా చాలదు. మూడు నిమిషాలు అచ్చంగా ఆక్సిజనే పీలిస్తే నైట్రోజన్ ఖాళీ చేసిన చోట రెండు లీటర్లకు పైగా ఆక్సిజన్ చేరుతుంది. ఆరోగ్యవంతుడికి అది దాదాపు 8 నిమిషాలు వస్తుంది.

జబ్బుమనిషి డ్రమ్ము వేరు. న్యుమోనియాలో కొంత చీముతో నిండిపోతుంది. వెల్లకిలా పడుకోబెడితే పొట్ట పైకి నెట్టి ఇంకా కుంచించుకుపోతుంది. అందుకే తలవైపు 20-30 డిగ్రీలు ఎత్తుతారు. జ్వరం ఒక్కో సెల్సియస్ డిగ్రీకి ఖర్చు పదో వంతు పెరుగుతుంది. మాస్క్ అంచున వేలెడు సందున్నా బయటిగాలితో నైట్రోజన్ మళ్లీ చొరబడుతుంది, కాబట్టి రెండు చేతులతో బిగించి పట్టాలి. ముక్కు గొట్టాల్లో నిమిషానికి 15 లీటర్ల ధార ట్యూబ్ వేస్తున్నంతసేపూ ఆపరు. ఛాతీ కదలకపోయినా రక్తం ఆక్సిజన్‌ను లాగేసుకున్న వెలితిలోకి పైనుంచి ఆక్సిజన్ జారుతూనే ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే వేలి మీటరు 93కి పడితే ప్రయత్నం ఆపి మాస్కుతో ఊదాలి. 90 కిందికి జారాక అది దిగడం కాదు, కూలడం.

పురుగుమందు తాగినవాళ్లలో ఇంకో చిక్కు. కండరాలు సడలించే మందు సక్సినైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమునే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు చంపేస్తాయి. పది నిమిషాల్లో పోవాల్సిన సడలింపు గంటల తరబడి వదలదు. అందుకే కిలోకు 1.2 మి.గ్రా. రోక్యురోనియం అనే మరో సడలింపు మందు మేలు. ఊళ్లో ఉప్పునీళ్లో పేడనీళ్లో పట్టించి కక్కిస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. స్పృహ తగ్గినవాడి వాంతి, అందులోని కిరోసిన్ లాంటి ద్రావకం నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగి, నింపుకోవాల్సిన డ్రమ్మునే కాల్చేస్తాయి. ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

ట్యూబ్ పడ్డాక స్టెతస్కోపు ఒక్కదాన్నే నమ్మకూడదు. బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ అల తెర మీద వరుసగా ఏడు శ్వాసలు నిలవాలి. అల లేదంటే ట్యూబ్ అన్నవాహికలో ఉన్నట్టే లెక్క. తీసేసి, మాస్క్ బిగించి, డ్రమ్ము మళ్లీ నింపాలి.