గాలి బుడగతో తొంభై ఏళ్ల పోరు: కాంపోజిట్ తయారీ ఎలా మారింది

కాంపోజిట్ అంటే గాజు, కార్బన్ వంటి పోగుల పొరలను రెసిన్ అనే గట్టిపడే జిగురుతో అతికించిన పదార్థం. దానిలో గాలి వల్ల నూటికి ఒక వంతు ఖాళీ మిగిలినా, పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా పట్టి ఉంచే బలం సుమారు 7 శాతం పడిపోతుంది. అందుకే విమాన భాగాల్లో ఖాళీ 1–2 శాతం దాటితే సాధారణంగా ఒప్పుకోరు. తయారీ పద్ధతులు ఎందుకు మారుతూ వచ్చాయో ఆ గాలిని వెంబడిస్తేనే తెలుస్తుంది.

1932లో అమెరికాలోని ఓవెన్స్-ఇల్లినాయిస్‌లో డేల్ క్లైస్ట్ కరిగిన గాజును గాలితో చిమ్ముతుంటే సన్నటి పోగులు వచ్చాయి. 1936లో కార్ల్‌టన్ ఎలిస్‌కు పాలిస్టర్ రెసిన్‌పై పేటెంట్ దక్కింది. ఈ రెండూ కలిశాక ప్రెస్సు, కొలిమి లేకుండానే పడవ చేయవచ్చని తేలింది.

అచ్చుకు మైనం పూసి, అర మిల్లీమీటరు మందాన జెల్ కోట్ (పైకి కనిపించే నునుపు రెసిన్ పొర) వేసి, గాజు పోగుల చాప అయిన మ్యాట్ పరిచి రెసిన్ పట్టించడం, ఇదే చేతి పని. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ 1.1 కిలోల దాకా రెసిన్ తాగుతుంది. కిలో రెసిన్‌కు, దాన్ని గట్టిపరిచే పెరాక్సైడ్ హార్డనర్ 10–20 గ్రాములు. ఈ హార్డనర్‌ను, దాని పనిని వేగిరపరిచే కోబాల్ట్‌తో నేరుగా కలిపితే పేలుతుంది; కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డనర్ వేయాలి. తొందరపడి ఒకేసారి మందంగా పేరిస్తే లోపలి వేడికి పగుళ్లు వస్తాయి. బుడగలను గాడుల రోలర్‌తో అంచులవైపు నెట్టాలి. ఎంత నేర్పున్నా బరువులో గాజు వాటా 30 శాతం దగ్గరే ఆగిపోతుంది. పడవకు అది చాలు.

విమానానికి చాలదు. 1960లలో కార్బన్ పోగులు వచ్చాక, రెసిన్ ముందే కొలతగా పట్టించిన పోగుల పొర, అంటే ప్రీప్రెగ్‌ను, ఆటోక్లేవ్ అనే ఒత్తిడి కొలిమిలో 120 లేదా 180 డిగ్రీల వేడిమీద, 6–7 బార్ల (ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ఒత్తిడిలో గట్టిపరచడం స్థిరపడింది. ఇక్కడ గాలికంటే తేమ ప్రమాదకరం. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్ నుంచి తీసిన ప్రీప్రెగ్ చుట్టను చల్లదనం పోకముందే విప్పితే గాలిలోని తేమ నీరై దానికి పడుతుంది. 180 డిగ్రీల్లో నీటి ఆవిరి ఒత్తిడి 10 బార్లకు చేరగలదు. రెసిన్ గట్టిపడేలోపు రెసిన్‌లోని ఒత్తిడి ఆవిరిని అణచలేకపోతే పొరల మధ్యే బుడగలు లేస్తాయి.

మరోవైపు, తెరిచిన అచ్చుల నుంచి లేచే స్టైరీన్ (పాలిస్టర్ రెసిన్‌ను పలుచన చేసే ద్రవం) ఆవిరిపై అమెరికా పర్యావరణ సంస్థ 2001లో పడవల తయారీకి, 2003లో ఇతర కాంపోజిట్ కర్మాగారాలకు పరిమితులు పెట్టింది. దాంతో గాలి చొరని సంచి కింద పొడి పోగుల వస్త్రం పరిచి, గాలి లాగి, రెసిన్ పారించే వ్యాక్యూమ్ ఇన్‌ఫ్యూజన్‌కు ఊపు వచ్చింది. బయటి గాలే చదరపు మీటరుకు 10 టన్నుల బరువుతో నొక్కుతుంది. ఆ పద్ధతితోనే చేసిన రెక్కలతో రష్యా ఎంసీ-21 విమానం 2017లో ఎగిరింది.

అయితే రెసిన్ పారే దూరం రెట్టింపైతే సమయం నాలుగింతలవుతుంది. రెసిన్ తెచ్చే గొట్టాలను దూరదూరంగా పెడితే అది మధ్యలోనే గట్టిపడి, వస్త్రం పొడిగా మిగులుతుంది. రెసిన్ వదిలేముందు గాలి లాగే పంపు ఆపేసి పది నిమిషాలు ఒత్తిడి చూపే గేజ్ చూడాలి. ముల్లు కదిలిందంటే ఎక్కడో సంచిలోకి గాలి చొరబడుతోంది. పాలిస్టర్ వాడేటప్పుడు మరీ లోతుగా గాలి లాగినా చెరుపే, స్టైరీన్ మరిగి కొత్త బుడగలను పుట్టిస్తుంది.